మా ఆయన మాట్లాడిన ల్యాప్‌టాప్

మొన్నామధ్య పక్కింటి కోడలు ఒకటే గోల పెడుతుంటే, ఏం కొంప మునిగిందోనని ఒడిలో చిక్కుడుకాయలు అట్లాగే పట్టుకొని వెళ్ళాను. చూస్తే ఏముంది, ఏదో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతుంటే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయిందట, గడువు ఆ సాయంత్రంతో సరి అట, ఆ పిల్ల ఉన్న మీటలన్నీ టపటపా కొట్టేస్తూ, మధ్యమధ్యలో దాని నెత్తిన ఒకటి చరుస్తూ, కళ్ళనీళ్ళు పెట్టుకొని కూర్చుని ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకొని ఆపి, ముందు క్యాప్స్‌లాక్ మీట నొక్కి చిన్న దీపం వెలుగుతుందేమో చూడు, వెలిగి ఆరిందంటే అది బతికే ఉంది, దాని మానాన దాన్ని కాసేపు వదిలెయ్, వెలగలేదంటే మాత్రం ఇక లాభం లేదు, ఆన్ చేసే మీటనే అది పూర్తిగా ఆరిపోయేదాకా నొక్కి పట్టుకో అని చెప్పాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఏందవ్వా, నీకియ్యన్నీ ఎట్ట తెలుసు?" అంది. తెలుసులే అమ్మా అని, అది మళ్ళీ లేచి దరఖాస్తు వెళ్ళేదాకా ఉండి ఇంటికొచ్చాను గాని, చిక్కుడుకాయలు ముందేసుకొని కూర్చుంటే ఒక్క కాయకు కూడా ఈనె తీయబుద్ధి కాలేదు.

మన ఈడు వాళ్ళకు ఈ ల్యాప్‌టాప్‌లతో ఏం పని చెప్పండి. పిల్లలు వాడుకుంటారు, మనం దుమ్ము దులిపి పక్కన పెడతాం, అంతే కదా. నేను మాత్రం రిటైరైన తర్వాత, వరికుంటపాడు బళ్ళో పిల్లలకు అచ్చులూ హల్లులూ చెప్పి చెప్పి అరిగిపోయిన ఈ బుర్రతో, అది ఎందుకు లేవదు, లేచింది ఎందుకు బిగుసుకుపోతుంది, ఎక్కడ ఊదాలి, ఏది ఊడదీయాలి, అన్నీ నేర్చుకున్నాను. సరదా పుట్టి నేర్చుకోలేదు. మా ఆయన గొంతు అందులో ఉండేది, అందుకని నేర్చుకున్నాను.

మా ఆయన ఉదయగిరిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. చెక్క గరిటెలు చేసేవాళ్ళ ఇళ్ళ వరసలో ఒక మేడ గది, కింద ఉలుల చప్పుడు, పైన మిషన్ల చప్పుడు, ఆ రెంటినీ మించి మా ఆయన గొంతు. ఆ గొంతు గురించి ఏం చెప్పమంటారు! మేడ మీద ఎ ఎస్ డి ఎఫ్ అని ఆయన మొదలుపెడితే బస్టాండులో దిగినవాళ్ళకు వినబడేది. నేను సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ, ఆ గొంతును బట్టే ఈ పూట ఆయన చిరాకుగా ఉన్నాడా, కులాసాగా ఉన్నాడా అని కనిపెట్టి, దాన్ని బట్టి కూర వండేదాన్ని. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే, మైకు చెడిపోయినా ఎవరూ దిగులు పడేవాళ్ళు కాదు. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో గుమాస్తాలైన వాళ్ళు ఎంతమంది ఆయన చేతి కింద ఇంగ్లీషు టైపూ, తెలుగు టైపూ పరీక్షల్లో లోయరూ, హయ్యరూ పాసయ్యారో లెక్క లేదు.

ఆయన చెప్పే పాఠం మాత్రం ఒక్కటే. మీటల్ని చూడకూడదు, మిషన్లో ఉన్న కాగితాన్నీ చూడకూడదు, కాపీని చూడాలి. కాపీ అంటే టైపు చేయవలసిన రాతప్రతి. దాన్ని మిషనుకు ఎడమ పక్కన నిలబెట్టి, తల అటు తిప్పి, కళ్ళు దాని మీద నుంచి కదల్చకుండా పది వేళ్ళతో కొట్టుకుంటూ పోవాలి. కళ్ళు కిందికి దించిన వాళ్ళ చేతుల మీద తుండుగుడ్డ కప్పేవాడు. తప్పు పడిందా ఏమని మధ్యలో తొంగి చూసేవాడికి తన వేళ్ళ మీద తనకే నమ్మకం లేదని తిట్టేవాడు. ఒక వరస అయిపోగానే గంట మోగుతుంది, ఎడమ చెయ్యి పైకి లేచి, కాగితాన్ని కొత్త వరసకు జరిపే పిడిని తోసి మళ్ళీ మీటల మీదికి వస్తుంది. ఈ అలవాటు ఆయన ఒంటికి ఎంతగా పట్టిందంటే, అన్నం తింటూ నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఒక మాట ముగియగానే ఆ ఎడమ చెయ్యి గాలిలో ఒకసారి లేచి దిగేది. మా ఆడబిడ్డ అది చూసి, మా అన్న నిద్దర్లో కూడా పిడి తోస్తాడా వదినా అని నన్ను ఏడిపించేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. రెండు కొని పెట్టండి మాస్టారూ అని నలుగురూ చెప్పినా, ఆ మెత్తటి మీటలతో వేళ్ళు చెడిపోతాయని మొండికేశాడు. పిల్లలు ఆత్మకూరులో కంప్యూటర్ సెంటర్లకు బస్సెక్కారు, మిషన్లు ఒక్కొక్కటే పాతినుము బండెక్కాయి. చివరి మిషను వెళ్ళిన రోజు ఆయన మేడ దిగి ఇంటికొచ్చి, గుక్కెడు నీళ్ళు తాగి, ఇంక పనేముండాది అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని చుట్టలు తాగడమే పని. మానుకోవయ్యా అంటే వినలేదు, నా నోరు నొప్పెట్టింది గాని ఆయన చుట్ట ఆరలేదు.

కొన్నేళ్ళకు గొంతులో గరగర మొదలైంది, అది బొంగురైంది, మాట పూర్తిగా తెగిపోయింది. చెన్నైలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే, మనిషి దక్కాలంటే గొంతు తీసేయాల్సిందే అన్నారు. తీసేశారు. మెడ కింద ఒక చిల్లు, దాంట్లోంచి ఊపిరి. బస్టాండు దాకా వినబడిన మనిషి, పక్కన కూర్చున్న నాకు వినబడకుండా పోయాడు.

ఆ తర్వాత నెలలు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. ఇల్లంతా బావురుమంటూ ఉండేది. నేను బళ్ళో వాడిన పలక ఇస్తే రెండు ముక్కలు రాశాడు. ఆయన చేతిరాత మొదటి నుంచీ కోడి గెలికినట్టు ఉంటుంది. నేను చదవలేక ఏందయ్యా ఇది అంటే, సుద్దముక్క విసిరికొట్టాడు. మా అమ్మాయి నెల్లూరు నుంచి కొత్త ఫోను తెచ్చి, దీంట్లో కొట్టు నాయనా అంటే, బొటనవేలు పైకెత్తి దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి, పది వేళ్ళు పెట్టుకొని ఒంటివేలి పని చేయమంటావా అన్నట్టు మొహం తిప్పేసుకున్నాడు. అదేం పొగరో మరి, గొంతు పోయింది గాని అది పోలేదు.

అప్పుడు మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ తెచ్చింది. మా అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఆ ల్యాప్‌టాప్ చదువుకునే రోజుల్లో కొన్నది, మూత కీలు ఒక పక్క విరిగి ఉంది, బ్యాటరీ ఉన్నా లేనట్టే. అందులో ఎవరో తెలిసినవాళ్ళ చేత, టైపు మిషను మీద తెలుగు అక్షరాలు ఎక్కడెక్కడ ఉంటాయో అక్కడక్కడే పడేటట్టు ఒక పాత ప్రోగ్రాము ఎక్కించి తెచ్చింది. అక్షరాలు నాకు అద్దాలు లేకుండా కనిపించేంత పెద్దవి. దాన్ని బల్ల మీద పెట్టి, ఆయన్ని ముందు కూర్చోబెట్టి, నన్ను ఆయన ఎడమ పక్కన కుర్చీలో కూర్చోమంది. ఆయన రెండు చేతులూ మీటల మీద ఆనించి, తల ఎడమకు తిప్పి నా మొహంలోకి చూస్తూ మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళ తర్వాత నోరు తెరుస్తున్నాడు గదా, ఏ దేవుడి సంగతో, ఏ చావు బతుకుల సంగతో చెబుతాడని గుండె చిక్కబట్టుకొని చదివితే, అందులో ఏముందో తెలుసా? "ఆసుపత్రి నుంచి వచ్చినకాడి నుంచి చూస్తా ఉండాను, చారులో ఉప్పు తక్కువేస్తా ఉండావు." మా అమ్మాయీ నేనూ పడీ పడీ నవ్వి, నవ్వుతూనే ఇద్దరం ఏడ్చాం.

అట్లా మా ఇంట్లోకి మళ్ళీ మాట వచ్చింది. పొద్దున కాఫీ తర్వాత ఒకసారి, మధ్యాహ్నం పడుకొని లేచాక ఒకసారి, దాని ముందు కూర్చునేవాళ్ళం. ఆయన తెర వంక చూసేవాడే కాదు. చూస్తే తప్పు అన్నట్టు, పాతకాలంలో రాతప్రతి ఎక్కడ ఉండేదో అక్కడ ఇప్పుడు నేనున్నాను గాబట్టి, కళ్ళార్పకుండా నా మొహమే చూస్తూ కొట్టేవాడు. నేను నవ్వితే ఇంకా గబగబా కొట్టేవాడు, మొహం మాడ్చుకుంటే వేళ్ళు నెమ్మదించేవి. పెళ్ళైనప్పటి నుంచి ఆయన నన్ను అంత తదేకంగా చూసింది ఆ రోజుల్లోనే, నిజం చెప్పొద్దూ, ఆ వయసులో నాకు సిగ్గేసేది.

కానీ ఆ పెట్టె ముసలిది. దానికి తోడు ఈయన చేతులు ఇనుప మిషన్ల మీద పెరిగిన చేతులు, ఒక్కో దెబ్బకీ బల్ల అదిరేది. మొదట్లో పొద్దున ఆన్ చేస్తే తాపీగా లేచేది, ఈలోపల నేను పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చేదాన్ని. తర్వాత్తర్వాత లోపల ఫ్యాను తిరిగేది గాని తెర నల్లగానే ఉండేది. ఇంకొన్నాళ్ళకు చక్కగా లేచి, సరిగ్గా మాట మధ్యలో బిగుసుకుపోయేది. మినుకుమినుకుమనే గీత ఆగిపోయేది, తెర మూలనున్న గడియారం కదిలేది కాదు. ఆయన తెర చూడడు గదా! ఆయన పాటికి ఆయన నన్ను చూస్తూ కొట్టుకుంటూ పోయేవాడు, నేను చూసుకొని చెప్పేలోపల సగం మాటలు గాలికి పోయేవి. అందుకని మేమిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. అది ఆగిపోగానే నేను ఆయన మణికట్టు మీద తట్టాలి. తట్టగానే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకొని, కానీ నీ వైద్యం అన్నట్టు వెనక్కి వాలేవాడు.

వైద్యం అంతా మా అమ్మాయి ఫోనులో చెబుతుంటే నేర్చుకున్నదే. ఛార్జర్ పీకి, అడుగున బ్యాటరీ ఊడదీసి, ఆన్ చేసే మీటను గట్టిగా నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటు పోనివ్వాలి, తర్వాత ఛార్జర్ పెట్టి చూడాలి. అప్పటికీ నల్లగానే ఉంటే, అడుగున చిన్న మూతకు మరలు విప్పితే ర్యామ్ అని ఒక పట్టీ ఉంటుంది, దాన్ని బయటికి లాగి, దాని పసుపుపచ్చ పళ్ళను పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్ళీ టక్కుమనేదాకా నొక్కాలి. బడిపంతులమ్మ ఇంట్లో రబ్బర్లకు కరువేముంది! వేడెక్కకుండా అడుగున నాలుగు మూలలా గరిటెలు చేసేవాళ్ళ దగ్గర తెచ్చిన చెక్కముక్కలు పెట్టి ఎత్తుచేశాను. ఆన్ చేయగానే తోకల్లాగా వెంటబడి లేచే అక్కర్లేని ప్రోగ్రాములన్నిటినీ మా అమ్మాయి ఒక్కొక్కటీ చెబుతూ నాచేత తీసేయించింది. ఆయనకేమో దాని ఒళ్ళు విప్పుతుంటే పక్కన నిలబడి మరలన్నీ అరచేతిలో పట్టుకొని ఉండడం పని, ఒక్కటి కూడా కింద పడనిచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం సంగతి చెప్పాలి. ఆయన ప్రాణం దక్కినందుకు సంఘంలో సాక్ష్యం చెప్పాలనుకున్నాడు, ఆయన కొడుతుంటే నేను పైకి చదవాలి. ల్యాప్‌టాపును తువ్వాలులో చుట్టుకొని చర్చికి మోసుకెళ్ళాం. అందరూ కూర్చున్నారు, అది లేచింది, ఆయన నా వైపు తిరిగి మొదలుపెట్టాడు, నేను ఒక్క వాక్యం చదివానో లేదో బిగుసుకుపోయింది. నేను ఆయన చెయ్యి తట్టి దీపం మీట నొక్కి చూసి, ఇంక లాభం లేదని ఆన్ మీట నొక్కిపట్టుకొని కూర్చుంటే, సభంతా మా వంకే చూస్తోంది. పాస్టరుగారికి ఏం తోచిందో ఏమో, అందరం కళ్ళు మూసుకుందాం అన్నాడు. అంతే, ఆడవాళ్ళందరూ కొంగులు నెత్తిన కప్పుకొని, ప్రభువా ఆ మిషన్ని లేపు తండ్రీ అని ఒకటే ప్రార్థన! నేను ఒక చేత్తో మీట నొక్కుతూ, ఇంకో చేత్తో నోరు మూసుకొని నవ్వు ఆపుకుంటూ, ఆయన వంక చూస్తే ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గొంతు లేని మనిషి నవ్వితే చప్పుడు రాదు గదా, మెడ దగ్గర చిల్లులోంచి గాలి బుస్సుబుస్సుమని వచ్చేది. అది లేచింది. ఆమేన్ అన్నారు అందరూ. ఆయన సాక్ష్యం మాత్రం రెండే వాక్యాల్లో ముగించేశాడు, మళ్ళీ ఆగిపోతుందేమోనని భయపడ్డాడు.

నా వైద్యం పనిచేయని రోజున ఆత్మకూరు పోవాల్సిందే. బస్టాండు దగ్గర ఒక రిపేరు కొట్టు ఉండేది, అందులో మనిషి నోటి దురుసు, మనసు మంచిది. నన్ను చూడగానే, "మళ్ళీ తెచ్చినావా మేడమ్? దీన్ని బతికుండంగా పాతిపెడితే పోలా?" అనేవాడు. అంటూనే ఉన్న పని పక్కన పెట్టి విప్పేవాడు. ఒకసారి లోపల దుమ్మంతా రబ్బరు బుడగతో ఊది, చిప్పు మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది పూశాడు. ఇంకోసారి లోపల సమాచారం దాచుకునే డిస్కు పోయే దశలో ఉందని, అందులో ఉన్నదంతా, ఆ టైపు ప్రోగ్రాముతో సహా, వేరే డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. కొన్నాళ్ళు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు చెప్పాడు, బోర్డే అరిగిపోయింది మేడమ్, దానికి నేనే కాదు, ఎవురూ ఏం చేయలేరు అని.

నేను అట్లా ఆత్మకూరు పోయిన రోజు ఇంట్లో ఆయన నోరు లేకుండా కూర్చునేవాడు. తిరిగి వచ్చేసరికి వీధి అరుగు మీదే ఉండేవాడు, సంచిలో ఉన్న పెట్టె వంకే చూసేవాడు. ఒకసారి ఎండలో కాలిపోయి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా దాన్ని ఆన్ చేసి ముందు పెడితే, ఏం కొట్టాడు? బస్సులో సీటు దొరికిందా అని కొట్టాడు. దొరకలేదు, సోమశిల పోయే జనం అంతా ఎక్కారు అన్నాను. ఇంక నా కోసం అంతదూరం పోవద్దు అని కొట్టి, అబద్ధం చెప్పినవాడిలాగా వెంటనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అయితే మాట వచ్చిందంటే తిట్లూ వస్తాయి గదా. కరెంటు బిల్లు దగ్గర నుంచి మా తమ్ముడి కొడుకు పెళ్ళి దాకా ఆయనకు అన్నిటి మీదా ఏదో ఒక సణుగుడు. భరించలేనప్పుడు నేను మెల్లగా ఆయన మణికట్టు మీద తట్టి, ఆగిపోయిందయ్యా అనేదాన్ని. కొన్నాళ్ళు నమ్మాడు. ఒక రోజు నేను తట్టగానే చెయ్యి తీయకుండా క్యాప్స్‌లాక్ నొక్కాడు, దీపం చక్కగా వెలిగింది. నన్ను ఒక చూపు చూసి, దాన్ని ఆర్పి, బల్ల అదిరేటట్టు "దొంగముండా" అని కొట్టాడు. ఆ పూటంతా నవ్వుకుంటూనే ఉన్నాం.

కొత్తది కొనలేదా అంటారేమో. మా అమ్మాయి కొన్నది. పల్చగా, అందంగా ఉంది. కానీ ఆ పాత ప్రోగ్రాము అందులో నడవదు, వేరేది వేస్తే అక్షరాలు వేరే చోట్ల పడతాయి. ఆయన ఒక వరస కొట్టి, జీవితంలో మొదటిసారి తల తిప్పి తెర చూశాడు. ఒక్క మాటా సరిగ్గా పడలేదు. ఈసారి కళ్ళు మీటల మీదికి దించి వెతుక్కుంటూ ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. ఎంతమంది చేతుల మీద తుండుగుడ్డ కప్పిన మనిషి! మూత మెల్లగా వేసి దాన్ని మా అమ్మాయి వైపు జరిపాడు. మా అమ్మాయి బతిమాలబోతే నేనే ఆపాను. పాతదే ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు అనుకున్నాం.

జబ్బు తిరగబెట్టింది. ఈసారి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మనిషి ఎండిపోయాడు, వేళ్ళు మాత్రం వాచాయి. ల్యాప్‌టాపు కూడా రోజు విడిచి రోజు లేచేది, లేచినా కాసేపే. ఒక రోజు మధ్యాహ్నం మా అమ్మాయి మందుల షాపుకు వెళ్ళింది, ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. రెండు చేతులూ దుప్పటి మీద పెట్టి వేళ్ళు ఆడించాడు. మాట్లాడాలి అని. నేను బల్లను మంచం దగ్గరికి జరిపి దాన్ని ఆన్ చేశాను. లేవలేదు. బ్యాటరీ తీశాను, మీట నొక్కిపట్టాను, మరలు విప్పి రబ్బరుతో తుడిచాను, దేవుడా ఈ ఒక్కసారికి అన్నాను. అప్పుడెప్పుడో చర్చిలో నవ్వు ఆపుకున్న ప్రార్థన ఈసారి నేనే ఏడుస్తూ చేశాను. లేచింది.

ఆయన తల ఎడమకు తిప్పి నన్ను చూశాడు. వేళ్ళు మీటల మీద కుదురుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒక్కొక్క అక్షరమూ పడింది. "ఇదిగో విను. నేను పోయినాక నువ్వు". అక్కడ గీత ఆగిపోయింది.

గడియారం వంక చూశాను, కదల్లేదు. తట్టాలని చెయ్యి చాపాను. చాపి ఆయన మొహం చూశాను. ఆయన కొడుతున్నాడు. ఓపిక లేని వేళ్ళతో, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, నా మొహం మీది నుంచి చూపు తిప్పకుండా కొడుతున్నాడు. ఒకచోట పెదవులు కొంచెం నవ్వాయి. ఒకచోట కళ్ళు నిండాయి. నేను తట్టి ఆపితే, దాన్ని మళ్ళీ లేపేసరికి ఇదంతా తిరిగి చెప్పే శక్తి ఆ ఒంట్లో ఉండదని నాకు తెలిసిపోతోంది. అది చెప్పాలనే ఆయన ఆ పూట కూడగట్టుకొని లేచాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేక ఆయన మోకాలి మీద వేసి, చదువుతున్నట్టు కళ్ళు తెర మీద అటూ ఇటూ తిప్పుతూ, తల ఊపుతూ కూర్చున్నాను. ఆయన నవ్వినచోట నవ్వాను. చివరికి ఎడమ చెయ్యి మెల్లగా గాలిలోకి లేచి, లేని పిడిని తోసి, మళ్ళీ ఒళ్ళో పడింది. అర్థమైందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

"అట్టనే చేస్తాలే. నువ్వేం దిగులు పడబాక," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొహం ఎంత తేటగా ఉందో! ఆ తేటదనం చూసి, చేసింది మంచిపనే అనుకున్నాను. మళ్ళీ ఆ వేళ్ళు మీటల మీదికి రాలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి ప్రాణం పోయింది. ఆ పెట్టె బల్ల మీద అట్లాగే, నువ్వు అనే మాట దగ్గరే ఆగి వెలుగుతూ ఉంది, దాన్ని ఆర్పడానికి నాకు చెయ్యి రాలేదు. బంధువులొచ్చారు. శవాన్ని ఉంచే ఐసు పెట్టెకు ప్లగ్గు కావాలని ఎవరో ఛార్జర్ పీకేశారు. బ్యాటరీ ఉన్నా లేనట్టే గదా, ఠక్కున ఆరిపోయింది.

కార్యాలన్నీ అయ్యాక దాన్ని సంచిలో పెట్టుకొని ఆత్మకూరు పోయాను. ఆగిపోయిన తర్వాత కొట్టినయి లోపల ఎక్కడైనా పడి ఉంటాయేమో చూడు నాయనా అని అడిగాను. ఆ మనిషి ఎప్పటి దురుసు మాట ఒక్కటీ అనలేదు. విప్పాడు, తన దగ్గరున్న వేరే కంప్యూటరుకు తగిలించి వెతికాడు, కుర్చీ వేసి నాకు టీ తెప్పించి మళ్ళీ వెతికాడు. "బిగుసుకున్నాక కొట్టినయి యాడా పడవు మేడమ్. గాల్లో కొట్టినట్టే," అని తల దించుకొని చెప్పాడు.

తిరిగి వచ్చే బస్సులో ఒక సంగతి గుర్తుకొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆయన నాకు టైపు నేర్పుతానని మేడ మీద కూర్చోబెట్టాడు. ఎ ఎస్ డి ఎఫ్ దాటకముందే చిటికెన వేలు నొప్పని, వంట ఆలస్యమవుతుందని నేను లేచి వచ్చేశాను. పోన్లే, నాకు చేతయితే నీకు చేతయినట్టేలే అన్నాడు. అది గనక నేర్చుకొని ఉంటే, తెరతో పనేముంది, ఏ వేలు ఏ మీట మీద పడిందో చూసి చదువుకొని ఉందును గదా. వేళ్ళు నా కళ్ళ ముందే కదిలాయి. అక్షరం వచ్చినదాన్నే, ఊరి పిల్లలందరికీ చెప్పినదాన్నే, నా మొగుడి చివరి మాట దగ్గర నిశానీ వేసేదానిలాగా కూర్చున్నాను.

అప్పటి నుంచి ఆయన ఏం చెప్పి ఉంటాడా అని వెతుక్కోవడమే నా పని. కలువాయిలో ఆయన అన్నతో ఏళ్ళ తరబడి మాటల్లేవు, ఒకవేళ అదేనేమోనని పోయి ఆ బావగారి కాళ్ళకు దణ్ణం పెట్టి, భోజనం చేసి వచ్చాను. నెల్లూరొచ్చి అమ్మాయి దగ్గర ఉండమన్నాడేమోనని పోయి కొన్నాళ్ళు ఉన్నాను, ఇల్లు వదలొద్దన్నాడేమోనని మళ్ళీ ఉదయగిరి వచ్చేశాను. తెల్లచీర కట్టొద్దన్నాడేమోనని మానేశాను. చారులో ఉప్పు చూసి వేసుకొని తినమన్నాడేమో, అదీ చేస్తున్నాను. మా అమ్మాయి విసుక్కుంటుంది, నాయన నిన్ను సంతోషంగా ఉండమని చెప్పుంటాడులేమ్మా, అందరూ అదే గదా చెప్పేది అంటుంది. మా ఆయన సంగతి దానికేం తెలుసు. అందరూ చెప్పేది చెప్పడానికి ఆయన అంత కష్టపడడు.

ఇప్పుడు కాలం మారిపోయింది. ఫోను నోటి దగ్గర పెట్టుకొని మాట్లాడితే అదే అక్షరాలు వేసుకుంటుంది, అక్షరాలు వేస్తే అదే మాట్లాడుతుంది. మాట చేరిందో లేదో, అవతలివాళ్ళు చూశారో లేదో గీతలు గీసి మరీ చెబుతుంది. మా అమ్మాయి చెప్పింది, ఇప్పుడైతే నాయన కొట్టిన ప్రతి అక్షరం ఎక్కడో భద్రంగా ఉండేదమ్మా అని. మంచిదే. ఏ ఆడదానికీ నాలాంటి మధ్యాహ్నం రాకుండా ఉంటే అంతకన్నా ఏం కావాలి. కానీ పక్కపక్కన కూర్చుని ఇద్దరు మనుషులు ఎవరి తెర వాళ్ళు చూసుకుంటూ నవ్వుకుంటుంటే, చెప్పేవాళ్ళు వినేవాళ్ళ మొహం చూసి ఎన్నాళ్ళయిందో అనిపిస్తుంది. నాకు ఆ మొహం దక్కింది, మాట దక్కలేదు. మాటిచ్చాను గాని, ఏమని ఇచ్చానో తెలియదు. నిలబెట్టుకున్నానో లేదో తెలుసుకోకుండానే నేనూ పోతాను.